పాత బండి చప్పుళ్లు తెలుపు సంగతులు

గుడియాత్తము నుండి పేర్ణంబట్టు మీదుగా వి.కోటకు ఎక్కు కొండదారి మా ప్రాంతమువారికి సుపరిచితము. ఆ దారిలో ఒకనాడు మేము కొనిన పాత ఎస్.యు.వి. వింతగా చప్పుడు చేయసాగెను. కదిలించినప్పుడెల్ల అడుగున ‘ఠక్కు’ మనును. వేగము హెచ్చిన కొలది బండి యంతయు వణకును. ఒక వర్క్‌షాపువారు చూచి గేరుబాక్సు మార్చవలె ననిరి. వారు చెప్పిన ఖర్చు బండి వెలలో సగమునకు దగ్గరగా నుండెను. పిదప వేలూరిలో ఒక వృద్ధ మెకానిక్కు బండిక్రింద దూరి, షాఫ్టును చేతితో అటునిటు త్రిప్పిచూచి, దాని చివరనున్న జాయింటు మాత్రమే అరిగినదని చెప్పెను. దానిని మార్చగానే చప్పుడును వణకును పోయినవి. చప్పుడు ఏ సమయమున పుట్టుచున్నదో గమనించినచో లోపమున్న చోటు తెలియునని ఆనాడు మేము నేర్చుకొంటిమి.

ఇంజనులో పుట్టిన శక్తి చక్రములకు తిన్నగా చేరదు. మొదట క్లచ్చు, పిదప గేరుబాక్సు, దానినుండి పొడవైన ప్రొపెల్లరు షాఫ్టు, తుదకు డిఫరెన్షియలు, ఈ క్రమమున అది నడచును. మలుపులో వెలుపలి చక్రము లోపలి చక్రముకంటె ఎక్కువ దూరము పోవలెను గదా! ఆ భేదమును సర్దునదే డిఫరెన్షియలు. ఫ్రాన్సు దేశీయుడగు ఒనెసిఫోర్ పెకర్ దీనికి పేటెంటు పొందెను.

నాలుగు చక్రములకును శక్తినిచ్చు బండ్లలో ట్రాన్స్‌ఫరు కేసు అను మరియొక పెట్టె యుండును. 1941 నుండి అమెరికా సైన్యమునకై తయారైన విల్లీస్ జీపులో ఈ అమరికయే కలదు. ఇట్టి పాత బండ్లలో పెక్కింటిని, ఎండిన తారురోడ్డుపై నాలుగు చక్రముల లీవరు వేసి నడుపరాదు. మలుపులలో ముందు చక్రములు, వెనుక చక్రములు వేర్వేరు దూరములు పోవును. మట్టినేలపై చక్రములు కొంత జారి ఆ భేదమును తీర్చును. తారుపై జారవు గనుక ఒత్తిడి యంతయు గేర్లపై పడును.

ఇక లోపముల గుర్తులు. ఎత్తు ఎక్కునప్పుడు ఇంజను రొద హెచ్చుచు వేగము హెచ్చకున్నచో, మాడువాసన వచ్చినచో, క్లచ్చు ప్లేటు అరిగినదని తలంపవలెను. బండి నిలిచి న్యూట్రలులో నుండగా వచ్చు చప్పుడు క్లచ్చు త్రొక్కగానే ఆగినచో గేరుబాక్సు బేరింగును, త్రొక్కినప్పుడే పుట్టినచో క్లచ్చు బేరింగును అనుమానింపవలెను. ఒక్క గేరు మాత్రమే గరగరలాడినచో లోపము గేరుబాక్సులోనిది. అన్ని గేర్లును అట్లే యున్నచో ముందు క్లచ్చును చూడవలెను. వెనుకనుండి వచ్చు సన్నని ఊళ, యాక్సిలరేటరు వదలినప్పుడు మారినచో, డిఫరెన్షియలును పరీక్షింపవలెను.

వీనిలో మిక్కిలి అపాయకరమైనది గేరు తనంతట జారిపోవుట. ఘాటు దిగునప్పుడు తక్కువ గేరులో నున్న ఇంజనే బండిని పట్టి యుంచును. ఆ గేరు జారినచో భారమంతయు బ్రేకులపై పడి, అవి వేడెక్కి పట్టు తప్పును. ఈ లోపమున్న బండిని బాగుచేయింపక కొండదారికి తీసికొనిపోరాదు.

ఆయిలు సంగతి మరువరాదు. వానకాలమున లోతునీటిలో నడచిన బండి డిఫరెన్షియలులో నీరు చేరవచ్చును. ఆయిలు పాలవలె తెల్లబారినచో నీరు కలిసినదని, లోహపు తునకలు కనబడినచో గేర్లు చెడుచున్నవని అర్థము.

విద్యార్థులారా! మీ యింటివారు పాత బండిని కొనదలచినచో, బజారులో ఒక చుట్టు త్రిప్పి తృప్తి చెందక, ఎత్తు ఎక్కించి, దించి, చెవియొగ్గి వినుడని చెప్పుడు. మెకానిక్కు వద్ద ‘చప్పుడు వచ్చుచున్నది’ అని ఊరకొనక, అది ఎప్పుడు పుట్టునో, ఎప్పుడు ఆగునో తెలుపుడు. సగము వైద్యము అందే జరుగును.