ఏ బడో ఎంచుకునే హక్కు పిల్లవాడిదే

“మా దగ్గర ఇలాంటి పిల్లలకి ఫెసిలిటీ లేదండీ. స్పెషల్ స్కూల్లో వేయండి, వాడికే మంచిది.”

ఆటిజమో, డౌన్ సిండ్రోమో ఉన్న పిల్లల అమ్మానాన్నల్లో ఈ మాట వినని వాళ్లు అరుదు. మెత్తగానే చెప్తారు, కాఫీ కూడా ఇస్తారు. అదే మాట కాగితం మీద రాసివ్వమంటే మాత్రం ఇవ్వరు.

డిసెంబరు 3న దివ్యాంగుల దినోత్సవం. ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. గడువు తక్కువ. నాలుగు విజయగాథలు ఏరుకొద్దామనుకున్నాను. ఈలోగా 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తిరగేస్తూ 31వ సెక్షన్ దగ్గర ఆగిపోయాను.

చిన్న సెక్షనే. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్నట్టు ధ్రువపత్రం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ఇంటి దగ్గరి బడిలో చదవాలా, ప్రత్యేక పాఠశాలలోనా అన్నది పిల్లవాడి ఇష్టం. హెడ్మాస్టరుది కాదు, కరస్పాండెంటుది కాదు. విద్యాహక్కు చట్టం 14 ఏళ్ల దగ్గర ఆగిపోతే, ఇది మరో నాలుగేళ్లు ముందుకెళ్లింది. “స్పెషల్ స్కూలుకి తీసుకెళ్లండి” అనే సలహాకు ఇంతకన్నా సూటైన జవాబు నాకు కనబడలేదు.

“మాది ప్రైవేటు, మాకు వర్తించదు” అనే బడులకు జవాబు 16వ సెక్షన్‌లో ఉంది. సర్కారు నిధులు తీసుకునే బడులతో పాటు, సర్కారు గుర్తింపు పొందిన బడులన్నీ దాని కిందికొస్తాయి. వివక్ష లేకుండా చేర్చుకోవాలి, అవసరమైన సాయం చేయాలి, చదువులో లోపాలను తొందరగా గుర్తించాలి. అయితే బడులు ఇవన్నీ చేసేలా చూసేందుకు ప్రభుత్వం “ప్రయత్నించాలి” అని మాత్రమే రాశారు. ఈ మెతకదనం నాకు అస్సలు నచ్చలేదు. అమ్మానాన్నల కాళ్లరిగేది ఈ సందులోనే.

హక్కు చేతికి రావాలంటే ముందు వైకల్య ధ్రువపత్రం కావాలి. స్లాటు దొరకాలి, బిడ్డను వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్లాలి, శాతం ఎంత వేస్తారోనని ఎదురుచూడాలి. ఆ తర్వాత మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం. అక్కడ మనసు పెట్టి పనిచేసే టీచర్లున్నారు. కాంట్రాక్టు ఉద్యోగాలతో ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్న వాళ్లే ఎక్కువ.

చరిత్ర క్లుప్తంగా: 1984లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం జాతీయ సంస్థ వచ్చింది. 1995లో దివ్యాంగుల హక్కులపై తొలి చట్టం, 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం. 2016 చట్టంతో వైకల్యాల జాబితా ఏడు నుంచి 21కి పెరిగింది. ఆటిజం, డిస్‌లెక్సియా అప్పుడే చోటు సంపాదించాయి.

టీచర్ల సంగతి సుప్రీంకోర్టు తేల్చింది. 2021లో ప్రాథమిక తరగతుల్లో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలంది. పోస్టులు ప్రకటించండని 2025 మార్చిలో రాష్ట్రాలను మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. ఆ ఏడే ఆంధ్రప్రదేశ్ 2,260 పోస్టులు మంజూరు చేసింది. తెలంగాణ 2024 డీఎస్సీలో 1,016 పెట్టింది. మంచి మొదలే. వీళ్లు ఊళ్లలోని బడులకు చేరేదాకా ఈ లెక్కలను అడుగుతూనే ఉండాలి.

అర్జీ ఇలా

నోటితో అడగొద్దు, బడికి రాసి ఇవ్వండి. బిడ్డకు కావాల్సిందేమిటో విడివిడిగా చెప్పండి: ముందు బెంచీ, పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్. రెండో, మూడో భాష నుంచి మినహాయింపు కావాలంటే 17వ సెక్షన్ పేర్కొనండి. నకలు మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి. తర్వాత ఎంఈఓ, డీఈఓ. అక్కడా కదలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్. విచారణలో ఆయనకు సివిల్ కోర్టు అధికారాలుంటాయి, బడివాళ్లను పిలిపించి రికార్డులు తెప్పించగలరు.