పెళ్ళి ఎక్కడ? మాయాబజారులోనా, మన పందిట్లోనా?

'మాయాబజార్' (1957) చూడని తెలుగువాడెవడు? ఘటోత్కచుడు – అదేనండీ, మన ఎస్.వి. రంగారావుగారు – మగపెళ్ళివారి విడిది కోసం ఏకంగా ఒక మాయానగరాన్నే సృష్టించేశాడు. అంత వైభోగం దేనికి? పెటాకులు కాబోయే పెళ్ళికి! అసలు జంట శశిరేఖాభిమన్యుల పెళ్ళి మాత్రం ఘటోత్కచుడి ఆశ్రమంలో, కావలసినవాళ్ళ మధ్య హాయిగా జరిగిపోయింది.

కె.వి. రెడ్డిగారు నవ్విస్తూ చూపించిన ఈ సంగతి ఈనాటి పెళ్ళివారూ గుర్తుంచుకోవలసిందే. హాలు అందంగా ఉండడం వేరు, ఆ జంటకు నప్పడం వేరు!

తాతగారి నీడలో...

ఆ అభిమన్యుడి పాత్ర వేసిన అక్కినేని నాగేశ్వరరావుగారి మనవడి పెళ్ళే చూడండి. నాగచైతన్య, శోభిత ధూళిపాళల పెళ్ళి 2024 డిసెంబర్ 4న హైదరాబాదు అన్నపూర్ణ స్టూడియోలో జరిగింది. అది 1976లో తాతగారు నెలకొల్పిన స్టూడియో. పెళ్ళి జరిగింది ఆయన విగ్రహం దగ్గరే. పైగా అది ఆయన శతజయంతి సంవత్సరం. కావాలనుకుంటే వాళ్ళకు రాజస్థాన్‌లో ఓ కోట దొరకదా? దొరుకుతుంది. కానీ కోటలో తాతగారు దొరకరుగా!

అదే ఏడాది సెప్టెంబర్ 16న 'బొమ్మరిల్లు' సిద్ధార్థ్, అదితిరావు హైదరీ పెళ్ళి చేసుకున్నది వనపర్తి జిల్లా శ్రీరంగాపురంలోని రంగనాయకస్వామి గుడిలో. అదితి తల్లిగారి పుట్టిల్లు వనపర్తి సంస్థానాధీశుల కుటుంబం.

"వాళ్ళకేమండీ! స్టూడియోలున్నాయి, సంస్థానాలున్నాయి. మాకేముంది?" అంటారా? మీకూ ఉంది. అమ్మమ్మగారి ఊరుంది. చిన్నప్పటి నుంచి ఏటా వెళ్ళే గుడి ఉంది. మీ ఇద్దరికీ పరిచయమైన ఊరుంది. అద్దె పుస్తకంలో కనిపించని విలువ అది.

ఇటలీలో అక్షింతలు, ఇంటి దగ్గర విందు

దూరాల మోజు తప్పని కాదు. వరుణ్‌తేజ్, లావణ్య త్రిపాఠి 2023 నవంబర్ 1న ఇటలీలోని టస్కనీలో పెళ్ళి చేసుకున్నారు. నాలుగు రోజులకే, నవంబర్ 5న, హైదరాబాదులో రిసెప్షన్ పెట్టారు. దూరం వెళ్ళదలచినవారు గమనించవలసింది ఈ రెండో తారీఖునే! అక్కడికి రాలేనివాళ్ళకు ఇక్కడ విందు. ఆ రెండో ఖర్చుకు కూడా సిద్ధపడితేనే మొదటిది.

ఇక నితిన్ తన పెళ్ళి దుబాయ్‌లో అనుకున్నాడు. కరోనా అడ్డుపడింది. చివరికి 2020 జూలై 26న హైదరాబాదు ఫలక్‌నుమా ప్యాలెస్‌లో షాలినికి తాళి కట్టాడు. ఆ ఆగస్టు 8న రానా, మిహీకాల పెళ్ళి తాతగారు రామానాయుడు పేరిట ఉన్న స్టూడియోలో కొద్దిమంది మధ్యనే జరిగింది. చోటు మారితే ముహూర్తమేమీ అలిగి వెళ్ళిపోలేదు!

అడ్వాన్సు ఇచ్చే ముందు

మనవాళ్ళు చేసే చిత్రమైన పని ఒకటుంది. ముందు హాలు మాట్లాడేస్తారు, ఆ తర్వాత హాలు నిండేలా శుభలేఖలు పంచుతారు! తిరగేయండి. ఎవరు లేకపోతే ఈ పెళ్ళి వెలితిగా ఉంటుందో ముందు ఆ పేర్లు రాయండి. తర్వాత హాలు వెతకండి.

మోకాళ్ళ నొప్పుల బామ్మగారు మేడమీది మండపానికి ఎలా ఎక్కుతారు? లిఫ్టు ఉందా? ముహూర్తం తెల్లవారుజామున రెండింటికైతే హాలు ఎన్నింటికి ఖాళీ చెయ్యాలి? ఏసీ హాలులో హోమం పొగకు ఒప్పుకుంటారా? మన వంటవాళ్ళను రానిస్తారా? కరెంటు, జనరేటరు డీజిలు, ఊడ్పించిన కూలి అద్దెలోనే ఉన్నాయా, తెల్లారాక వేరే బిల్లొస్తుందా? ఇవన్నీ అడిగి కాగితం మీద రాయించుకోండి. తోటలో, ఆరుబయట అయితే ఇంకో రెండు. వానొస్తే ఎక్కడికి పోవాలి? 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకర్లు కూడదు. అది సంగీత్ బృందానికి ఎవరు చెబుతారు?

డబ్బు దగ్గర బిడియపడేవారికి ఓ మాట. తిరుమల పాపవినాశనం రోడ్డులోని కళ్యాణవేదికలో టి.టి.డి. 2016 నుంచి ఉచితంగా పెళ్ళిళ్ళు జరిపిస్తోంది. స్వామి సన్నిధిలో పెళ్ళంటే చిన్నతనమేముంది?

ఆ ఇద్దరినీ అడిగారా?

అసలు సంగతి ఇదీ. మగపెళ్ళివారు "మా హోదాకు తగ్గట్టు" అంటారు. ఆడపిల్ల తండ్రి "అలాగేనండీ బావగారూ" అని తలూపుతాడు. ఆ తలూపుడు ఖరీదు ఆయన ఏళ్ళ తరబడి వాయిదాల్లో కడతాడు. పీటల మీద కూర్చునే అమ్మాయినీ అబ్బాయినీ మాత్రం ఎవరూ అడగరు!

కాబోయే వధూవరులారా! అడ్వాన్సు కట్టకముందే ఒక సాయంత్రం మీరిద్దరూ వెళ్ళి ఆ హాలు చూసి రండి. అలంకరణలేవీ లేకుండా, ఖాళీగా ఉన్నప్పుడు చూడండి. "ఇక్కడ మనవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చుని కబుర్లు చెప్పుకోగలరా?" అని ఒకరినొకరు అడగండి. ఔననిపిస్తే అదే మీ కళ్యాణమండపం. లేదనిపిస్తే ఆ మాట నాన్నగారితో ఇప్పుడే చెప్పండి. శుభలేఖలు అచ్చయ్యాక చెబితే ఎవరు వింటారు?