పెద్దల చేతికి మట్టి తగలనివ్వండి

ఊళ్లో ఇంటికి తాళం వేసి పట్నంలో కొడుకు ఫ్లాటుకు వచ్చేసిన పెద్దాయనకు పైకి ఏ లోటూ కనిపించదు. వేళకు కాఫీ, వేళకు మందులు, హాల్లో టీవీ. ‘ఇన్నేళ్లు కష్టపడ్డారు, ఇక మీరేమీ చెయ్యొద్దు నాన్నా’ అంటారు పిల్లలు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ ప్రేమే ఆయన చేతిలో ఉన్న ఆఖరి పనిని కూడా లాగేసుకుంటుంది. నాలుగు నెలలు తిరిగేసరికి తిండి తగ్గుతుంది, నిద్ర పట్టదు, మాట ముభావమవుతుంది. వయసు మీద పడింది కదా అని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకుంటారు. దిగులు పట్టుకుందేమోనన్న అనుమానం ఎవరికీ రాదు.

ఆ దిగులును ఓ మొక్క తగ్గించగలదా? అమెరికాలోని కనెక్టికట్‌లో ఒక వృద్ధాశ్రమంలో జరిగిన పరిశోధన ఈ ప్రశ్నకు దగ్గరగా వెళ్లింది. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ 1976లో దాన్ని ప్రచురించారు. ఒక అంతస్తులోని వృద్ధులకు నచ్చిన మొక్కను ఎంచుకోమని చెప్పి, దాని బాగోగులు వాళ్లకే అప్పగించారు. గది ఎలా సర్దుకోవాలో, సినిమా ఏ రోజు చూడాలో కూడా వాళ్ల ఇష్టానికే వదిలేశారు. మరో అంతస్తులోని వాళ్లకూ మొక్కలు ఇచ్చారు, నీళ్లు మాత్రం నర్సులే పోస్తారన్నారు. కొద్ది వారాల్లోనే మొదటి అంతస్తులో హుషారు, కలుపుగోలుతనం పెరిగాయి. ఏడాదిన్నర తర్వాత లెక్క చూస్తే మొదటి బృందంలో 15 శాతం మంది, రెండో బృందంలో 30 శాతం మంది కన్నుమూశారు. వందమంది కూడా లేని చిన్న పరిశోధన ఇది. మొక్క పెంచితే ఆయుష్షు పెరుగుతుందని దీన్నిబట్టి చెప్పేయడం తొందరపాటే. అయినా ఒక్క సంగతి గమనించాలి. పచ్చదనం రెండు అంతస్తుల్లోనూ ఉంది. బాధ్యత ఒక అంతస్తులోనే ఉంది.

పచ్చదనానికి దాని విలువ దానికుంది. కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లోని రోగులు, ఇటుక గోడ కనిపించే గదుల్లోని వాళ్లకన్నా ఆపరేషన్ నుంచి త్వరగా కోలుకున్నారని పరిశోధకుడు రోజర్ అల్రిచ్ 1984లోనే చూపించారు. చేత్తో చేసే తోటపనిలోనూ మేలుంది. నెదర్లాండ్స్‌లో 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఒత్తిడి కలిగించే పని చేయించాక కొందరిని అరగంట తోటపనికి, కొందరిని అరగంట పుస్తకం చదవడానికి పంపారు. రెండు బృందాలకూ ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గింది కానీ తోటపని చేసినవాళ్లకు బాగా తగ్గింది, మనసూ తేటపడింది.

మిద్దె మీద మళ్లీ సేద్యం

మన దగ్గర ఇదేమీ కొత్త వైద్యం కాదు. పెరట్లో బీరపాదు, గోడవార కనకాంబరాలు, తులసికోటకు పొద్దున్నే చెంబెడు నీళ్లు... పెద్దవాళ్ల రోజు వీటితోనే మొదలయ్యేది. పెరడు పోయి ఫ్లాటు వచ్చాక ఆ రోజువారీ పని కూడా పోయింది. హైదరాబాద్‌లో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటివాళ్లు ప్రచారంలోకి తెచ్చిన మిద్దెతోటలు దాన్ని కొంత తిరిగి తెచ్చాయి. సేద్యం చేసిన చేతులకైతే డాబా మీద నాలుగు కుండీలు కూడా పొలమే. మట్టిలో వేలు గుచ్చి తడి చూడటం, చలికాలంలో మల్లెకు నీళ్లు ఆపి ఆకు దూసి కొమ్మలు కత్తిరించడం ఆ పెద్దాయనకు ఎవరూ నేర్పక్కర్లేదు. వేసవిలో ఆ మల్లె విరగబూస్తే, ఎలా పూయించారని కోడలు అడుగుతుంది. ఇంట్లోవాళ్లు అడగడానికి తన దగ్గర ఏదో ఉందన్న తృప్తిని ఏ మాత్రా ఇవ్వలేదు.

అలవాటు లేనివాళ్లు మెంతికూరతో మొదలుపెట్టొచ్చు. గుప్పెడు మెంతులు రాత్రంతా నానబెట్టి, వెడల్పాటి టబ్బులో చల్లి, పైన పల్చగా మట్టి కప్పితే చాలు. మూడు నాలుగు రోజుల్లో మట్టి పగిలి మొలకలు తల ఎత్తుతాయి. నెల తిరక్కుండా పప్పులోకి కూర వస్తుంది. రేపు పొద్దున్న ఎంత పెరిగిందో చూడాలన్న ఆత్రం పడుకునేటప్పుడే మొదలవుతుంది. దిగులు మనిషికి మొదట దూరం చేసేది ఆ రేపటినే.

మతిమరుపు ముదిరినవాళ్లకు వాసన బాగా పనికొస్తుంది. మరువం, దవనం, విరజాజి ముక్కుకు తగిలితే ఎప్పటిదో పెళ్లి ముచ్చట నోటికి రావచ్చు. వాళ్లకు అందేచోట గన్నేరు, ఉమ్మెత్త మాత్రం ఉంచకండి, రెండూ విషమే. నడుము వంచే పని లేకుండా కుండీలను గట్టు మీద ఎత్తులో పెట్టండి. తడికి జారని నేల, పక్కనే ఓ కుర్చీ, ఎండ ముదరకముందు పని. షుగర్ ఉంటే చేతులకు గ్లవ్స్, కాళ్లకు చెప్పులు తప్పనిసరి. కుండీల కింద పళ్లేల్లో నీళ్లు నిలిస్తే డెంగీ దోమ చేరుతుంది.

మొక్కలతో తీరని దిగుళ్లూ ఉంటాయి. రెండు వారాలకు మించి ఏ పని మీదా మనసు పోకపోయినా, బతుకు మీద విరక్తి మాటలు వినిపించినా డాక్టరుకు చూపించాల్సిందే. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416, వృద్ధుల కోసం ఎల్డర్‌లైన్ 14567 ఉచితంగా పలుకుతాయి.

పిల్లలకు ఒక్క మాట. ఈసారి నర్సరీకి వెళ్తే అమ్మానాన్నల్ని వెంట తీసుకెళ్లండి. ఏ మొక్క కొనాలో వాళ్లనే తేల్చనివ్వండి. ఇంటికొచ్చాక దానికి నీళ్లు మీరు పోయకండి.