లంచంతో కొన్న అనుమతికి దిక్కెవరు?

1989లో వరల్డ్ డ్యూటీ ఫ్రీ అనే కంపెనీ కెన్యా ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుంది. నైరోబీ, మొంబాసా విమానాశ్రయాల్లో సుంకం లేని సరుకుల దుకాణాలు కట్టి నడుపుకునే హక్కు దానికి దక్కింది. ఆ తర్వాతి ఏళ్లలో గొడవలు ముదిరి వ్యాపారం చేజారింది. ప్రభుత్వం తన ఆస్తిని అన్యాయంగా లాగేసుకుందంటూ కంపెనీ 2000లో ప్రపంచ బ్యాంకుకు చెందిన పెట్టుబడి వివాదాల కేంద్రాన్ని ఆశ్రయించింది.

విచారణలో కంపెనీ యజమాని తన వాంగ్మూలంలోనే ఒక సంగతి బయటపెట్టాడు. ఆ ఒప్పందం కోసం అప్పటి అధ్యక్షుడు డేనియల్ అరప్ మోయ్‌కి 20 లక్షల డాలర్లు ఇచ్చానన్నాడు. నోట్లున్న బ్రీఫ్‌కేసును గోడ పక్కన పెట్టి మాట్లాడుకున్నారని, తిరిగి కారెక్కాక తెరిచి చూస్తే అందులో డబ్బుకు బదులు పచ్చి మొక్కజొన్న ఉందని వివరించాడు. అది లంచం కాదు, అక్కడి ఆనవాయితీ ప్రకారం ఇచ్చిన విరాళం అన్నది ఆయన వాదన.

2006 అక్టోబరు 4న ట్రైబ్యునల్ దావాను కొట్టేసింది. లంచంతో పుట్టిన ఒప్పందాన్ని పట్టుకుని వచ్చినవారికి అండగా నిలవలేమని తేల్చింది. పుచ్చుకున్న వ్యక్తి మీద కెన్యా ప్రభుత్వం చర్య తీసుకోకపోవడం తమను కలవరపెట్టిందని కూడా తీర్పులో రాసింది. అయినా ఇచ్చినవాడికి ఊరట దొరకలేదు.

విదేశాల్లో వ్యాపారం చేసేవాళ్లు శ్రద్ధగా చదవాల్సిన తీర్పు ఇది. చాలా కంపెనీల్లో అవినీతి వ్యవహారం లీగల్ విభాగం చూసుకుంటుంది. ప్రభుత్వాలు మారితే ఏమవుతుందన్న రాజకీయ రిస్కు ఫైనాన్స్ వాళ్లది, బీమా వాళ్లది. నిబంధనల అమలు, అంటే కంప్లయెన్స్, ఆడిటర్ల పని. మూడింటికీ మూడు ఫైళ్లు. కెన్యా కేసులో ఆ మూడూ ఒకే ముడిలో బిగుసుకున్నాయి. లంచం ఇచ్చిన రోజున కంపెనీ అనుమతిని కొనుక్కుంది. దానితోపాటు, రేపు ఎవరైనా ఆ అనుమతిని లాక్కుంటే అడిగే హక్కును వదులుకుంది.

ఆ హక్కు ఎంత విలువైనదో మన దగ్గరే చూశాం. పవన, సౌర విద్యుత్తు కొనుగోలుకు పాత ప్రభుత్వ కాలంలో కుదిరిన ఒప్పందాల ధరలను తగ్గించాలని 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పూనుకుంది. విద్యుత్ కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. ఒప్పందంలో రాసుకున్న ధరే చెల్లించాలని 2022 మార్చిలో ధర్మాసనం తీర్పిచ్చింది. ధర ఎక్కువా తక్కువా అన్నది వేరే చర్చ. ప్రభుత్వం మారినప్పుడు కంపెనీకి మిగిలే అండ దాని చేతిలోని కాగితమే. ఆ కాగితం వెనక లంచం ఉంటే, కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేయడానికి వేరే సాకు వెతుక్కోనక్కర్లేదు.

ఇంత తెలిసీ పెద్ద కంపెనీలు ఎందుకు చిక్కుకుంటాయి? జవాబు చెన్నై దగ్గర దొరుకుతుంది. వేల మంది ఉద్యోగుల కోసం కాగ్నిజెంట్ సంస్థ అక్కడ 27 లక్షల చదరపు అడుగుల ప్రాంగణం కట్టింది. 2014లో ప్లానింగ్ అనుమతి దగ్గర పని ఆగింది. అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ ఉత్తర్వు ప్రకారం, ఒక ప్రభుత్వాధికారి 20 లక్షల డాలర్లు అడిగింది కంపెనీని కాదు, కట్టడం కడుతున్న కాంట్రాక్టు సంస్థను. లంచం కాంట్రాక్టరు ద్వారా ఇప్పించి, ఆ సొమ్మును అదనపు పనుల బిల్లుల్లో సర్ది తిరిగి చెల్లించడానికి పైవాళ్లు ఒప్పుకున్నారని ఆరోపణ.

ఆ బిల్లు ఎలా ఉంటుందో ఊహించండి. నిర్మాణంలో అదనపు పని రావడం మామూలే. గోడ జరపమంటారు, పైపు మార్చమంటారు, దానికి వేరే బిల్లు వస్తుంది. అలాంటి పద్దుల వరుసలో, జరగని పనుల పేర్ల కింద కొంత మొత్తం కలిపేస్తే, సంతకం పెట్టే గుమాస్తాకు అది సిమెంటు ఖర్చులాగే కనిపిస్తుంది. అధికారి పేరు ఎక్కడా ఉండదు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు అడిగినవాడు, మోసినవాడు, సర్దినవాడు తలో కొంచెం పంచుకుంటారు. ఎవరికి వారు నేను ఇవ్వలేదనే అనుకుంటారు.

జర్మనీకి చెందిన సీమెన్స్ కథలోనూ ఇదే తీరు. అక్కడ కొందరు మేనేజర్లు చెల్లింపుల మీద నేరుగా సంతకం పెట్టకుండా, అంటించి పీకేయగల చిన్న పసుపు కాగితాల మీద పెట్టేవారు. అవసరమైతే కాగితం తీసేయవచ్చు, సంతకం ఆనవాలే ఉండదు. 2006లో పోలీసులు మ్యూనిక్ కార్యాలయాల మీద దాడి చేశారు. 2008 డిసెంబరు నాటికి అమెరికా, జర్మనీలకు కలిపి కంపెనీ దాదాపు 160 కోట్ల డాలర్లు కట్టాల్సివచ్చింది. జర్మనీలో 1999 దాకా విదేశీ లంచాన్ని వ్యాపార ఖర్చుగా చూపి పన్ను మినహాయింపు పొందే వీలుండేది. చట్టం మారింది, అలవాటు మారలేదు.

నా దృష్టిలో అసలు ప్రమాదం గడువు దగ్గర ఉంది. అనుమతి ఇంకా రాలేదు, కూలీలకు జీతాలు నడుస్తున్నాయి, బ్యాంకు వడ్డీ పెరుగుతోంది, ప్రారంభోత్సవానికి తేదీ ప్రకటించేశారు. అధికారి అడిగేది సరిగ్గా అప్పుడే. ఆ క్షణంలో వద్దనగలిగేది ఆలస్యాన్ని భరించే స్తోమత ఉన్న కంపెనీ మాత్రమే. నీతి పాఠాలు ఎన్ని చెప్పినా, రోజుకింత జరిమానా నెత్తిన వేలాడుతున్న మేనేజరు చేయి తడపడానికే మొగ్గుతాడు. కాబట్టి ప్రాజెక్టు షెడ్యూలు రాసే రోజే ఆ మేనేజరు నిజాయతీ సగం నిర్ణయమైపోతుంది. అనుమతులకు నిజంగా పట్టే కాలాన్ని లెక్కలో వేసుకోవాలి. అనుమతి ఆలస్యమైతే కాంట్రాక్టరుకు జరిమానా ఉండదన్న షరతు పెట్టాలి. లంచం ఇవ్వనందుకు పని ఆగిపోతే ఉద్యోగికి శిక్ష ఉండదని యాజమాన్యం రాసి ఇవ్వాలి.

రెండో జాగ్రత్త మధ్యవర్తి విషయంలో. హైదరాబాద్ నుంచి ఆఫ్రికా ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు పంపినా, గల్ఫ్‌లో పనులు పట్టినా, స్థానిక పంపిణీదారో ఏజెంటో లేకుండా కుదరదు. అతనికి ఇచ్చే కమిషన్ ఏ పనికి? ఆ పని చేసే మనుషులు, ఆఫీసు అతనికున్నాయా? డబ్బు మూడో దేశంలోని ఖాతాకు ఎందుకు అడుగుతున్నాడు? టెండరు తెరవడానికి వారం ముందే ఎందుకు ప్రత్యక్షమయ్యాడు? ఈ ప్రశ్నలడిగే అధికారం, జవాబు నచ్చకపోతే చెల్లింపు ఆపే అధికారం బిల్లులు చూసే వ్యక్తికి ఉండాలి. ఆ వ్యక్తి సేల్స్ అధిపతి కింద పనిచేస్తుంటే ఆ అధికారం కాగితం మీదే మిగులుతుంది.

చట్టం ఏమంటుంది? 2018లో సవరించిన మన అవినీతి నిరోధక చట్టం ప్రకారం లంచమిచ్చిన వాణిజ్య సంస్థ కూడా నేరస్థురాలే. తగిన నివారణ ఏర్పాట్లు ముందే చేసుకున్నామని రుజువు చేయగలిగితే దానికి రక్షణ ఉంది. నిర్బంధంగా ఇవ్వాల్సివచ్చినవాళ్లు ఏడు రోజుల్లోగా దర్యాప్తు సంస్థకు తెలిపితే శిక్ష తప్పుతుంది. ఈ ఏడు రోజుల సంగతి ప్రతి సైట్ ఇంజినీరుకూ తెలియాలి. విదేశీ అధికారికి లంచమివ్వడాన్ని నేరం చేసే ప్రత్యేక చట్టం మాత్రం మనకు రాలేదు. 2011లో తెచ్చిన బిల్లు మురిగిపోయింది. అంతమాత్రాన తప్పించుకున్నట్టు కాదు. బ్రిటన్‌లో ఏ కొంచెం వ్యాపారం ఉన్నా, ఏజెంటు ఎక్కడ లంచమిచ్చినా అక్కడి 2010 చట్టం కంపెనీని పట్టుకోగలదు. ఫైలు కదపడానికిచ్చే చిన్న మొత్తాలకు అమెరికా చట్టంలో కొంత మినహాయింపు ఉంది, బ్రిటన్‌లో అదీ లేదు.

అమెరికా పట్టు ఇప్పుడు సడలింది కదా అనేవాళ్లున్నారు. 2025 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ట్రంప్ విదేశీ లంచాల చట్టం అమలును 180 రోజుల పాటు నిలిపివేయాలని ఉత్తర్వు ఇచ్చారు. చెన్నై వ్యవహారంలో ఇద్దరు కాగ్నిజెంట్ మాజీ ఉన్నతాధికారుల మీద ఉన్న కేసు ఏప్రిల్‌లో విచారణకు రాకముందే రద్దయింది. ఆ గడువు తీరకముందే జూన్‌లో కొత్త మార్గదర్శకాలతో అమలు మళ్లీ మొదలైంది. అదే ఏడాది మార్చిలో బ్రిటన్, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ ప్రాసిక్యూటర్లు లంచం కేసుల మీద ఉమ్మడి కార్యదళం పెట్టుకున్నారు. చట్టం అమలు కూడా రాజకీయంతో మారుతుందని ఇది చెబుతోంది. ఈ ప్రభుత్వం చూసీచూడనట్టు వదిలిన చెల్లింపును తర్వాతి ప్రభుత్వం తవ్వవచ్చు. పుస్తకాల్లో రాసిన పద్దు అప్పటికీ అక్కడే ఉంటుంది.

తప్పు జరిగాక కూడా ఒక దారి ఉంది. తమ దృష్టికి వచ్చిన రెండు వారాల్లోపే కాగ్నిజెంట్ డైరెక్టర్ల బోర్డు విషయాన్ని అమెరికా ప్రభుత్వానికి చెప్పింది. 2019లో కంపెనీ సెక్యూరిటీస్ కమిషన్‌కు దాదాపు 2.5 కోట్ల డాలర్లు కట్టింది, కానీ న్యాయశాఖ దాని మీద క్రిమినల్ కేసు పెట్టలేదు. దాచిపెట్టి, దొరికాక ఒప్పుకున్నవాళ్లకు ఆ వెసులుబాటు దొరకదు.

విదేశాల్లో కొత్తగా అడుగుపెడుతున్న మన కంపెనీలకు నేను చెప్పదలచుకున్నది ఇదే. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు లాభం లెక్కతో పాటు ఇంకో లెక్క వేయండి: అనుమతి ఆరు నెలలు ఆలస్యమైతే మనం తట్టుకోగలమా? తట్టుకోలేమని తేలితే ధర పెంచండి, గడువు పెంచండి, రెండూ కుదరకపోతే ఆ పని వదులుకోండి. లంచమిచ్చి దక్కించుకున్న కాంట్రాక్టును రేపు ఏ కోర్టులోనూ మనదని చెప్పుకోలేం.