ఎంత ఆస్తికి అంత ఓటు: అమెరికా డౌన్‌టౌన్‌లలో యజమానుల పాలన

లాస్ ఏంజిలిస్ డౌన్‌టౌన్‌లో స్కిడ్ రో అనే ప్రాంతం ఉంది. ఇల్లు లేనివాళ్లు దశాబ్దాలుగా అక్కడి ఫుట్‌పాత్‌ల మీద గుడారాలు వేసుకుని బతుకుతున్నారు. వారిలో నల్లజాతివారే ఎక్కువ. వీధిలో ఉంటున్నవాళ్ల సామాన్లు ఎత్తుకుపోతున్నారంటూ 2014లో లాస్ ఏంజిలిస్ క్యాథలిక్ వర్కర్, లాస్ ఏంజిలిస్ కమ్యూనిటీ యాక్షన్ నెట్‌వర్క్ అనే సంఘాలు కోర్టుకెళ్లాయి. ప్రతివాదుల్లో నగర ప్రభుత్వంతో పాటు ఆ ప్రాంతపు బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్ కూడా ఉంది. నగర ప్రభుత్వం మీద కేసు ఎందుకో తెలుస్తూనే ఉంది. మరి ఆస్తుల యజమానుల సంఘానికి వీధిలో ఏం పని?

జవాబు కాలిఫోర్నియా 1994లో చేసిన ప్రాపర్టీ అండ్ బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్ చట్టంలో ఉంది. అక్కడ వీటిని పొట్టిగా ‘బిడ్’ అంటారు కనుక మేమూ అలాగే రాస్తాం. వేలంపాటతో దీనికి సంబంధం లేదు. ఈ ఆలోచన 1970లో కెనడాలోని టొరంటోలో, బ్లోర్ వెస్ట్ విలేజ్ అనే బజారులో మొదలైంది. ఒక వ్యాపార ప్రాంతం చుట్టూ గీత గీస్తారు. గీత లోపలున్న ఆస్తులపై అదనపు రుసుం వేసి, మామూలుగా ఆస్తి పన్నుతో పాటే వసూలు చేస్తారు. ఆ డబ్బును యజమానుల సంఘం ఖర్చు పెడుతుంది. అది ప్రైవేటు సంస్థ. చెత్త ఎత్తడం, సెక్యూరిటీ గార్డులను పెట్టడం, ప్రచారం చేసుకోవడం దాని పనులు. వీధులు శుభ్రపడతాయన్నది అబద్ధం కాదు. మా అభ్యంతరం అక్కడ కాదు.

అసలు విషయం బిడ్ ఏర్పడే తీరులో ఉంది. ముందు యజమానుల నుంచి పిటిషన్ కావాలి. అయితే సంతకాలను తలలు లెక్కపెట్టి చూడరు. మొత్తం రుసుంలో సగానికి మించి చెల్లించబోయేవారు సంతకం పెడితే చాలు. శాన్‌ఫ్రాన్సిస్కో ఆ గీటును 30 శాతానికి దించింది. తర్వాత నగర కౌన్సిల్ తీర్మానం చేస్తుంది, యజమానులకు పోస్టులో బ్యాలెట్లు వెళ్తాయి, కనీసం 45 రోజుల తర్వాత బహిరంగ విచారణ జరుగుతుంది. తిరిగొచ్చిన బ్యాలెట్లనే లెక్కిస్తారు, అదీ ఎవరు ఎంత చెల్లించాలో దాన్నిబట్టి బరువు కట్టి. వ్యతిరేక బరువు ఎక్కువైతే తప్ప కౌన్సిల్ ముందుకెళ్లవచ్చు. ఏర్పడ్డాక, వద్దన్నవాళ్లూ కట్టాల్సిందే.

ఒక లెక్క ఊహించుకుందాం. ఏడాదికి 10 లక్షల డాలర్ల రుసుం, 200 మంది యజమానులు. రెండు టవర్లున్న కంపెనీ వంతు 3 లక్షలు, మరో ఇద్దరివి చెరో లక్షన్నర. ఈ మూడు సంతకాలతోనే పిటిషన్ గట్టెక్కుతుంది. మిగతా 197 మంది చిన్న యజమానులు కలిసినా 4 లక్షలే. దీనికితోడు, 1996లో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన 218 ప్రకారం ప్రభుత్వ ఆస్తులూ సాధారణంగా రుసుం కట్టాలి. కాబట్టి తన భవనాలు, పార్కింగ్ స్థలాల తరఫున నగర ప్రభుత్వమూ సంతకం పెట్టవచ్చు, ఓటు వేయవచ్చు. జనం ఆస్తి బరువు కూడా చాలాసార్లు ఆ తక్కెడలోకే చేరుతుంది.

ఇక ఈ తక్కెడలో అసలు చోటే లేనివారున్నారు. అద్దెకుండేవారికి, చిన్న దుకాణం అద్దెకు తీసుకున్నవారికి మామూలుగా బ్యాలెట్ రాదు, రుసుం భారం మాత్రం అద్దెలోకి దిగవచ్చు. తోపుడుబండివాళ్లకు, వీధి ఊడ్చే కార్మికులకు, ఫుట్‌పాత్ మీద పడుకునేవారికి ఏ పాత్రా లేదు. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ బిడ్ బోర్డులో యజమానులకే మెజారిటీ ఉండాలన్న నియమాన్ని అక్కడి నివాసులు సవాలు చేస్తే, 1998లో ఫెడరల్ అప్పీలు కోర్టు 2-1 తేడాతో కొట్టేసింది. బిడ్ పనులు పరిమితమైనవి, యజమానులను ప్రత్యేకంగా తాకేవి, కనుక ఒక మనిషికి ఒక ఓటు సూత్రం వర్తించదన్నది. ఫుట్‌పాత్ మీద కూర్చున్న మనిషిని గార్డు వచ్చి లేవమంటే, ఆ పని తాకింది ఎవరిని?

మనకు ఈ వాదన కొత్తది కాదు. బ్రిటిష్ పాలనలో ఓటు ఆస్తితో, పన్నుతో ముడిపడి ఉండేది, అందుకే అంటరాని కులాల్లో ఓటర్లు అతి తక్కువ. 1928లో సైమన్ కమిషన్ ముందు అంబేడ్కర్ వయోజన ఓటు హక్కు కోరింది ఆ ముడి తెంచడానికే. ఇప్పటి మన వీధి వ్యాపారుల చట్టం (2014) కూడా బిడ్‌కు ఎదురు దారిలో వెళ్తుంది. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులు ఎన్నుకున్నవారే ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. వీధిని వాడుకునేవారికి వీధిపై మాట ఉండాలన్నది దాని మూలం. మన నగరాల్లో ‘సుందరీకరణ’ పేరు వినిపించినప్పుడల్లా ఆ కమిటీ కూర్చుందా అని అడగాలి.

కాలిఫోర్నియా చట్టంలోనూ కొన్ని సందులున్నాయి. యజమానుల సంఘం బిడ్ పనులపై జరిపే సమావేశాలు బహిరంగంగా ఉండాలి, పత్రాలు అడిగితే ఇవ్వాలి. బర్క్‌లీ లా స్కూల్ క్లినిక్ పరిశోధకులు ఆ పత్రాలు తెప్పించుకునే 2018లో నివేదిక రాశారు. రాష్ట్రంలో సుమారు 200 బిడ్‌లున్నాయని, నిరాశ్రయులపై కఠిన నిబంధనల కోసం అవి లాబీయింగ్ చేస్తున్నాయని, పోలీసులతో కలిసి పనిచేస్తున్నాయని చూపించారు. కొత్త బిడ్‌కు గడువు ఐదేళ్ల లోపే, పొడిగిస్తే పదేళ్ల వరకు. పొడిగింపు విచారణ రోజు ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చు. రద్దు కోరడానికి ఏటా 30 రోజుల అవకాశం కూడా ఉంది. దానికి సంతకాలు పెట్టగలిగేది మాత్రం రుసుంలో సగమైనా కట్టే యజమానులే.