‘వెళ్తాను’ అనడానికి ఇంగ్లీషులో ఎన్ని దారులు?

మా పక్కింటి పిన్నిగారు కూతురి పురిటికని అమెరికా ప్రయాణం పెట్టుకున్నారు. పుట్టబోయే పాపాయికి పాత చీరలతో బొంతలు కుట్టడం అయింది. గోంగూర పచ్చడి సీసాలు కట్టడమూ అయింది. ఇక మిగిలింది ఇంగ్లీషు. ఓ సాయంత్రం నోటుబుక్కు పట్టుకుని మా ఇంటికొచ్చి, ‘‘ఇమిగ్రేషన్ దగ్గర ఏం అడిగినా ‘ఐ విల్’ అని మొదలుపెడితే సరిపోతుందిగా బాబూ?’’ అన్నారు.

సరిపోతుంది. అవతలివాళ్లకు అర్థమవుతుంది, పనీ జరుగుతుంది. కానీ రాబోయే సంగతి ఏది చెప్పినా ‘విల్’ తగిలించడం మనలో చాలామందికి ఉన్న అలవాటు. బడిలో ‘తాను అంటే విల్’ అని బట్టీ పట్టించిన ఫలితమది. నిజానికి ఇంగ్లీషువాళ్లు ఇక్కడ చూపే తేడాల్లో చాలావాటిని తెలుగులో మనం రోజూ పాటిస్తూనే ఉంటాం. పాటిస్తున్నామని గమనించం, అంతే.

ఒక మాట, రెండు పనులు

‘రోజూ ఆఫీసుకు వెళ్తాను.’ ‘రేపు తిరుపతి వెళ్తాను.’ మొదటిది అలవాటు, రెండోది రేపటి సంగతి. క్రియ మాత్రం ఒకటే. పాత వ్యాకరణం ఈ రెంటినీ విడదీసి చూసింది. చిన్నయసూరి 1858లో తెచ్చిన బాలవ్యాకరణంలో భూత, వర్తమాన, భవిష్యత్తులతోపాటు ‘తద్ధర్మం’ అని నాలుగోది కనిపిస్తుంది. అలవాటుగానో స్వభావంగానో జరిగేది తద్ధర్మం. రైల్వేస్టేషన్ మైకులో ‘బండి ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదకు వచ్చును’ అని వినిపించే ‘వచ్చును’ ఆ పాతకాలపు రూపమే. వాడుకలో మాత్రం అలవాటుకూ రేపటికీ కలిపి ‘తాను, తాడు, తుంది’ మిగిలాయి.

అందుకే ‘ఐ విల్ గో టు ఆఫీస్ డైలీ’ అని నోరు జారుతుంది. అలవాటుకు విల్ అక్కర్లేదు, ‘ఐ గో’ చాలు.

ఇంకో సంగతి. ఇంగ్లీషు క్రియకు భూతకాలంలో ప్రత్యేక రూపం ఉంది: గో, వెంట్. భవిష్యత్తుకు అలాంటిది లేదు. పక్కనుంచి వేరే మాటలు అరువు తెచ్చుకోవాలి. ఏ మాట తేవాలన్నది ఆ పని రేపు జరుగుతుందా, వచ్చే ఏడాది జరుగుతుందా అన్నదాన్నిబట్టి ఉండదు. ఆ పని మీద మన నిశ్చయం ఎంతవరకు వచ్చిందన్నదాన్నిబట్టి ఉంటుంది. ప్రయాణాల్లో ఇది బాగా కనిపిస్తుంది. ఏ ప్రయాణమైనా ముందు ఆలోచనగా పుట్టి, తర్వాత టికెట్టుగా మారేదే కదా.

ఆలోచన నుంచి టైంటేబుల్ దాకా

తలుపు చప్పుడైంది. ‘ఉండు, నేను తీస్తాను’ అంటాం. ఆ క్షణానికి ముందు ఆ ఆలోచన లేదు. ఇది అచ్చంగా విల్ చోటు: ‘ఐల్ గెట్ ఇట్.’ అప్పటికప్పుడు అనుకున్నవి, మాట ఇచ్చేవి, సాయం చేస్తాననేవి, ఊరికే ఊహించేవి అన్నీ దీని కిందికే వస్తాయి. విల్ అన్న మాటకు మొదట్లో ‘కోరుకోవడం’ అని అర్థం. మన వీలునామాలో ఉన్న ‘వీలు’ ఈ విల్లే. పోయేవాళ్ల కోరిక రాసిన కాగితం అది.

విల్ పక్కనే షల్ ఉంది. దానికి పాత అర్థం బాకీపడి ఉండటం. ఐ, వియ్‌ల పక్కన షల్, మిగతావాటి పక్కన విల్ అన్న సూత్రం జాన్ వాలిస్ అనే ఆయన 1653లో అచ్చువేసిన వ్యాకరణంలో ఉంది. మన పాఠ్యపుస్తకాలు దాన్నే ఎక్కించాయి. ఈనాటి మాటల్లో షల్ ఎక్కువగా ‘చేయమంటారా?’ అన్నచోటే వినిపిస్తుంది. ‘షల్ ఐ టేక్ యువర్ బ్యాగ్?’ అంటే ‘మీ సంచీ పట్టుకోమంటారా?’ అని.

రెండోది గోయింగ్ టు. ముందే మనసులో అనుకున్న పని ఇది. తెలుగులో దీనికి కవల ఉంది. ‘వెళ్లబోతున్నాను’లోని ‘బోతున్నాను’ పోవు అనే క్రియే; సంధిలో ప కాస్తా బ అయింది. అటు ‘గో’, ఇటు ‘పోవు’. రెండు భాషలూ ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకోకుండానే ఒకే దారి తొక్కాయి. కళ్లముందు ఆనవాళ్లు కనిపిస్తున్నప్పుడూ ఇదే వాడతారు. మబ్బు కమ్మితే ‘వాన పడబోతోంది’ అంటాం, వాళ్లు ‘ఇట్స్ గోయింగ్ టు రెయిన్’ అంటారు. మొదట్లో ‘పుట్టబోయే పాపాయి’ అన్నప్పుడు నేను వాడిందీ ఈ బోవడమే.

మూడోది, ఏర్పాటు అయిపోయిన పని. టికెట్టు చేతిలో ఉంది, తీసుకెళ్లడానికి అల్లుడు వస్తాడు. అప్పుడు మనం ‘వెళ్తాను’ అనం, ‘పదో తారీకున వెళ్తున్నాను’ అంటాం. ఇంగ్లీషూ అంతే: ‘ఐయామ్ ఫ్లైయింగ్ ఆన్ ద టెన్త్.’ ఏర్పాటు చేయలేని పనికి ఇది కుదరదు. ‘రేపు వాన పడుతోంది’ అని మనం అనం, ‘ఇటీజ్ రెయినింగ్ టుమారో’ అని వాళ్లూ అనరు. వానకు టికెట్టు కొనలేం కదా.

నాలుగోది టైంటేబుల్. గోదావరి ఎక్స్‌ప్రెస్ విశాఖలో సాయంత్రం బయలుదేరుతుంది. నేనెక్కినా, ఎక్కకపోయినా బయలుదేరుతుంది. దీనికి ఇంగ్లీషువాళ్లు అలవాటు రూపాన్నే వాడతారు: ‘ద ట్రైన్ లీవ్స్ ఇన్ ద ఈవినింగ్.’ విల్ లేదు, గోయింగ్ లేదు. చిన్నయసూరి చూస్తే తద్ధర్మమనే అనేవారేమో.

వీటి మధ్య సరిహద్దులు గోడలేమీ కావు. వాళ్లూ కలిపేసుకుంటారు. ఒకటి బదులు ఇంకొకటి పడితే కొంపలు మునగవు. చెవికి కాస్త ఎగుడుదిగుడుగా వినిపిస్తుందంతే.

‘దిగగానే ఫోన్ చేస్తా’

‘వెన్ ఐ విల్ రీచ్, ఐ విల్ కాల్ యు’ అనడం మనవాళ్లలో తరచూ వింటాం. ఇంగ్లీషులో వెన్, ఇఫ్, ఆఫ్టర్, అంటిల్ తర్వాత వచ్చే ముక్కలో ఈ భవిష్యత్తు విల్ రాదు: ‘వెన్ ఐ ల్యాండ్, ఐల్ కాల్ యు.’ ఇదేదో వింత సూత్రమని భయపడనక్కర్లేదు. ‘దిగగానే ఫోన్ చేస్తా’ అన్నప్పుడు ‘దిగగానే’లో ఏ కాలమూ లేదు. ‘ఆలస్యమైతే చెప్తా’లోని ‘ఐతే’లోనూ లేదు. భవిష్యత్తును మనం చివరి క్రియ మీదే మోపుతాం. వాళ్లూ ఒక్కసారే మోపుతారు.

అలాగే ‘ఈపాటికి ఇల్లు చేరి ఉంటాడు’ అన్న మాట చూడండి. జరిగిపోయి ఉండాల్సిన దాని మీద ఊహ, రూపం మాత్రం భవిష్యత్తుది. ఇంగ్లీషులో ‘హీ విల్ హావ్ రీచ్డ్ హోమ్ బై నౌ’. ‘మీరు వెళ్లేసరికి గేటు మూసేసి ఉంటారు’ అన్నా ఈ విల్ హావే.

ఇక కౌంటర్ల దగ్గర అడిగే ప్రశ్నల్లో ‘విల్ యు బి’ ఎక్కువ. ‘విల్ యు బి చెకింగ్ ఇన్ ఎనీ బ్యాగ్స్?’, ‘హౌ లాంగ్ విల్ యు బి స్టేయింగ్?’ ఇది నిలదీయడం కాదు, మీ ఏర్పాట్లేమిటో మర్యాదగా కనుక్కోవడం. అమెరికాలో ఈ రెండో ప్రశ్న ఊరికే వేసేదీ కాదు. వీసా ఉన్నా, ఎన్నాళ్లు ఉండనివ్వాలో తేల్చేది అక్కడ కౌంటర్లో కూర్చున్న అధికారే. జవాబు పొట్టిగా, ఏర్పాటు రూపంలో ఉంటే మంచిది: ‘ఐయామ్ స్టేయింగ్ ఫర్ ఫైవ్ మంత్స్.’

ఎక్కడం, దిగడం

మనం దేన్నైనా ఎక్కుతాం, దిగుతాం. ఇంగ్లీషులో బస్సు, రైలు, విమానాలకు గెట్ ఆన్, గెట్ ఆఫ్. కారు, ఆటోలకు గెట్ ఇన్, గెట్ అవుట్. గుర్తుపెట్టుకోవడానికి ఒక కొండగుర్తు: లోపల నిలబడి నాలుగడుగులు వేయగలిగితే ఆన్, వంగి కూర్చోవాల్సిందైతే ఇన్. ‘గెట్ డౌన్’ మన దేశంలో చెల్లుతుంది. బయట కొందరు ‘కిందికి వంగు’ అనుకునే ప్రమాదముంది.

ప్రయాణానికి మనకు మాట ఒకటే, వాళ్లకు చాలా ఉన్నాయి. ఒకచోటు నుంచి ఇంకోచోటు చేరడం జర్నీ. వెళ్లి రావడమంతా కలిపితే ట్రిప్. ట్రావెల్ లెక్కపెట్టే మాట కాదు, కాబట్టి ‘హౌ వాజ్ యువర్ ట్రావెల్?’ అనరు, ‘హౌ వాజ్ యువర్ ట్రిప్?’ అంటారు. మనకు హోటలంటే ఇడ్లీ దొరికేచోటు, అక్కడ పడుకునేచోటు. ‘ఔటాఫ్ స్టేషన్’, ‘ప్రీపోన్’ మన దేశంలో బాగా చెల్లే నాణేలు. బయట ‘ఔటాఫ్ టౌన్’, ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అంటే తేలిక.

బోర్డింగ్ పాసు మీద మాత్రం కళ్లు పెట్టి చదవాలి. డిపార్చర్ అంటే విమానం కదిలే వేళ, బోర్డింగ్ అంటే మనల్ని ఎక్కించుకోవడం మొదలుపెట్టే వేళ. గేటు డిపార్చర్‌కు ముందే మూసేస్తారు. బస్టాండులో కదిలే బస్సును చెయ్యెత్తి ఆపినట్టు అక్కడ కుదరదు. మధ్యలో విమానం మారాల్సి ఉంటే రెండోది కనెక్టింగ్ ఫ్లైట్. నడుమ పడిగాపులు పడే సమయం లేఓవర్.

చివరికి పిన్నిగారి నోటుబుక్కులో మూడు వాక్యాలు మిగిలాయి. ‘మై డాటర్ ఈజ్ గోయింగ్ టు హావ్ ఎ బేబీ. ఐయామ్ స్టేయింగ్ విత్ హర్ ఫర్ ఫైవ్ మంత్స్. ఐ హావ్ ఎ రిటర్న్ టికెట్.’ ఒక్క విల్ కూడా లేదు. రెండుసార్లు పైకి చదువుకుని, లేవబోతూ ఆగారు.

‘‘మరి పచ్చడి సంగతి అడిగితే ఏమనాలి బాబూ?’’

‘‘ఎనీ ఫుడ్ అనో, ఎనీథింగ్ టు డిక్లేర్ అనో అడుగుతారు. డిక్లేర్ అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పడం. ‘ఎస్, పికిల్’ అనండి. చెప్తే చూసి పంపిస్తారు, మహా అయితే తీసేసుకుంటారు. దాచిపెడితేనే జరిమానా. దానికి ఏ టెన్సూ అక్కర్లేదు.’’