వందలో పది ఓట్లు మారితే...

ఒక ఎన్నికలో ఒక పార్టీకి ఓటేసినవారిలో కొందరు తర్వాతి ఎన్నిక నాటికి మరో పార్టీ వైపు మళ్లుతారు. ఎన్నికల విశ్లేషకులు దీన్ని ‘స్వింగ్’ అంటారు. ఓడిన పార్టీకి తగ్గిన ఓట్ల శాతాన్ని, గెలిచిన పార్టీకి పెరిగిన శాతాన్ని కూడి సగం చేస్తే స్వింగ్ ఎంతో తెలుస్తుంది. ఈ లెక్కకు ప్రాచుర్యం తెచ్చినవారు బ్రిటన్‌కు చెందిన డేవిడ్ బట్లర్. 1980ల్లో ఆయన ప్రణయ్ రాయ్, అశోక్ లాహిరిలతో కలిసి భారత ఎన్నికలనూ పరిశీలించారు. ఇక్కడ ఫలితం స్వింగ్ ఒక్కదాన్నే బట్టి ఉండదని, ప్రతిపక్షాలు కలిసి పోటీ చేస్తున్నాయా, విడివిడిగానా అన్నదీ అంతే ముఖ్యమని వారి విశ్లేషణ తేల్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో గత రెండు అసెంబ్లీ ఎన్నికలు ఈ రెండు సంగతులకూ చక్కని ఉదాహరణ. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు దాదాపు 50 శాతం ఓట్లు, 175 స్థానాల్లో 151 వచ్చాయి. 39 శాతం ఓట్లు పొందిన తెలుగుదేశం 23 స్థానాలకు పరిమితమైంది. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు కూడా 39 శాతం ఓట్లే వచ్చాయి. గెలిచిన స్థానాలు 11. తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి 164 స్థానాలు గెలుచుకుంది.

2024లో పొత్తు ఉంది కాబట్టి తెలుగుదేశం ఓట్లను మాత్రమే పోల్చి చూస్తే లెక్క తప్పుతుంది. 2019లో 175 స్థానాల్లోనూ పోటీ చేసిన ఆ పార్టీ, 2024లో 144 చోట్ల మాత్రమే బరిలో దిగింది. మూడు పార్టీల ఓట్లనూ కలిపి చూడటమే సరైన పద్ధతి. 2019లో విడివిడిగా పోటీ చేసినప్పుడు వాటి మొత్తం 45 శాతానికి కాస్త పైన ఉంది. 2024లో అది సుమారు 55 శాతానికి చేరింది. అంటే నికరంగా మారినవి వందలో పది ఓట్లు. మిగతా తొంభై ఓట్ల మొత్తం తీరు దాదాపు ఎప్పటిలాగే ఉంది.

ఇంత చిన్న మార్పుకు అంత పెద్ద ఫలితం ఎందుకు? వెయ్యి ఓట్లు పోలయ్యే ఒక బూత్‌లో ఒక పార్టీకి 550, రెండోదానికి 450 పడ్డాయనుకుందాం. తేడా నూరు. తర్వాతి ఎన్నికలో నూరుమంది అటునుంచి ఇటు మారితే లెక్క 450, 550 అవుతుంది. మొదటి పార్టీకి ఒక ఓటు తగ్గిన ప్రతిసారీ రెండోదానికి ఒకటి పెరుగుతుంది కనుక, నూరు ఓట్లు మారితే తేడా రెండొందలు మారుతుంది. అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినవారిదే గెలుపు అన్న పద్ధతిలో, రాష్ట్రమంతటా ఇదే తీరు కనబడితే స్వల్ప ఆధిక్యాలున్న నియోజకవర్గాలన్నీ ఒకేసారి చేయి మారతాయి. తెలంగాణలో 2023లో కాంగ్రెస్, బీఆర్‌ఎస్‌ల మధ్య ఓట్ల తేడా సుమారు 2 శాతమే. స్థానాలు మాత్రం 64, 39.

ఓటర్లు మళ్లడానికి కారణాలు చాలా ఉంటాయి. ధరలు, ఉద్యోగాలు, సాగు ఇబ్బందులు, అధికారంలో ఉన్నవారిపై అసంతృప్తి వాటిలో కొన్ని. స్థానిక ఎమ్మెల్యేపై కోపం, కొత్త నాయకుడిపై ఆశ, కుల సమీకరణాలు, పొత్తులు కూడా పనిచేస్తాయి. ఏ ఎన్నిక అన్నదీ ముఖ్యమే. తెలంగాణలో 2018 డిసెంబరులో 119 అసెంబ్లీ స్థానాల్లో 88 గెలిచిన టీఆర్‌ఎస్‌కు (ఇప్పటి బీఆర్‌ఎస్), 2019 ఏప్రిల్‌లో జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో 17 స్థానాల్లో దక్కినవి 9. రాష్ట్రానికి ఒక పార్టీ, ఢిల్లీకి మరొకటి అని విడదీసి ఆలోచించే ఓటర్లు ఉన్నారని ఆ ఫలితం చెబుతుంది.

స్వింగ్ లెక్కకు ఒక పరిమితి ఉంది. అది నికర మార్పునే చూపుతుంది. ఒక పార్టీని వదిలినవారు, అదే పార్టీలోకి కొత్తగా వచ్చినవారు సమానమైతే ఓట్ల శాతం కదలదు. లోపల ఎంతోమంది మారి ఉండొచ్చు. క్రితంసారి ఓటేసి ఈసారి ఇంట్లో ఉండిపోయినవారు, తొలిసారి ఓటు హక్కు పొందిన యువత కూడా శాతాలను కదిలిస్తారు. ఓటు రహస్యం కనుక ఎవరు ఎటు మారారన్నది కౌంటింగ్‌లో తేలదు. పోలింగ్ తర్వాత ఓటర్లను అడిగి చేసే సర్వేలే కొంత ఆధారం.

అందుకే ఫలితాలను చదివేటప్పుడు సీట్ల పక్కనే ఓట్ల శాతాన్నీ చూడాలి. పదకొండు స్థానాల పార్టీ వెనుక కూడా ప్రతి పదిమందిలో నలుగురు ఓటర్లున్నారు. వారి గొంతును చట్టసభలో వినడం గెలిచినవారి బాధ్యత. ఆ గొంతు వినిపించడం ఓడినవారి బాధ్యత.